గుంటలో సరుకు లెక్క ఎవరిది? బీకాం సిలబస్ వెనుక కథ

మార్చి 31 నాటికి చేతిలో మిగిలిన సరుకుకు విలువ కట్టాలి. బీకాంలో చేరిన పిల్లలు మొదటి ఏడాదే నేర్చుకునే పాఠం ఇది. నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో బియ్యం కొట్టయితే బస్తాలు లెక్కపెట్టి ధర వేసేస్తే సరిపోతుంది. అదే తోటపల్లిగూడూరు వైపు ఎకరం రొయ్యల గుంటయితే? సరుకు నీళ్లలో ఉంది, ప్రాణంతో ఉంది. కొంత రోజూ పెరుగుతోంది, కొంత రోజూ చస్తోంది.

లక్ష పిల్ల వదిలారనుకుందాం. నూటికి 80 బతికి, ఒక్కోటి 20 గ్రాములు తూగితే గుంటలో 1,600 కిలోలున్నట్టు. 60 మాత్రమే బతికితే 1,200 కిలోలే. మధ్యలో ఉన్న ఆ 400 కిలోలు లాభమా, నష్టమా? తేల్చాలంటే విసురు వల వేసి నమూనా తీయాలి, చెక్‌ట్రేలో మేత ఎంత మిగిలిందో చూడాలి. కాలేజీలో ఆ విద్య జువాలజీ వాళ్లది. గుంటలో ఎన్నిచోట్ల వల వేస్తే ఆ అంచనాను నమ్మొచ్చో చెప్పాల్సింది స్టాటిస్టిక్స్ వాళ్లు. పుస్తకాల్లో ఏ విలువకు రాయాలన్నది మా కామర్స్ వంతు. పెద్ద కంపెనీలకు వర్తించే ఇండ్ ఏఎస్ 41 అనే అకౌంటింగ్ ప్రమాణం ప్రకారం ప్రాణమున్న ఆస్తిని అప్పటి న్యాయమైన ధరకు, అమ్మకపు ఖర్చులు తీసేసి చూపించాలి. అంటే ఒక్క లెక్కకు ముగ్గురు మాస్టర్లు కావాలి.

నెల్లూరులో నేను పనిచేసే స్వయంప్రతిపత్తి కళాశాలలో బీకాం సిలబస్ తిరగరాసే పని ఇప్పుడు నడుస్తోంది. ఈసారి మిగతా డిపార్ట్‌మెంట్లను ముందే అడిగి రాయాలన్నారు. ఇంత తేటగా కనిపించే సంగతి ఇన్నేళ్లూ ఎవరికీ ఎందుకు తట్టలేదని కొత్తగా చేరిన మాస్టర్లు అడుగుతున్నారు. తట్టక కాదు. దాని వెనక చాలా కథ ఉంది.

మన దేశంలో వాణిజ్య విద్య 1886లో మద్రాసులో పచ్చయప్ప ధర్మనిధి వారు పెట్టిన కమర్షియల్ స్కూలుతో మొదలైందంటారు. బొంబాయిలో సిడెన్‌హామ్ కాలేజీ 1913లో వచ్చింది. కంపెనీలకూ, బ్యాంకులకూ, సర్కారు ఆఫీసులకూ లెక్కలు రాసేవాళ్లు కావాలి, ఆ అవసరం కోసం పుట్టిన చదువిది. అప్పట్లో నెల్లూరు కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. ఆ చదువు వేసుకున్న బట్ట కొత్తది గానీ, లెక్కలు రాయడం మనవాళ్లకు కొత్తేం కాదు. చిట్టా, పద్దు, జమ, ఖర్చు అన్నవి పుస్తకం చూసి నేర్చుకున్న మాటలు కావు. తెలుగు మీడియం బీకాం పుస్తకాలు రాసినవాళ్లు ఈ సంపదను బాగానే వాడుకున్నారు. జర్నల్ చిట్టా అయింది, లెడ్జర్ ఆవర్జా అయింది, ట్రయల్ బ్యాలెన్స్ అంకణా అయింది, బ్యాలెన్స్ షీటు ఆస్తి అప్పుల పట్టీ అయింది. 2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ అంతా ఇంగ్లిషు మీడియం అయ్యాక ఈ మాటలు రెండు భాషల పుస్తకాల్లో ఒక పక్క పేజీలో మిగిలాయి. అప్పుడు ఇంగ్లిషు డిపార్ట్‌మెంట్‌నూ, తెలుగు డిపార్ట్‌మెంట్‌నూ, మమ్మల్నీ ఒకచోట కూర్చోబెట్టి ఈ పిల్లలకు ఏ మాట ఎలా అందించాలో అడిగి ఉంటే బాగుండేది. మా దగ్గర ఎవరూ అడగలేదు.

ఇక సిలబస్ ఎక్కణ్ణుంచి వచ్చేదో చూద్దాం. 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక నెల్లూరు జిల్లా కాలేజీలకు తిరుపతి దిక్కయింది. 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల ముక్కలతో ఒంగోలు జిల్లా పుట్టింది. 1972లో దానికి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. 1976లో నాగార్జున విశ్వవిద్యాలయం వచ్చాక ఒంగోలు వైపు వాళ్ల సిలబస్ గుంటూరు నుంచి వచ్చేది. అటు సింగరాయకొండ, ఇటు కావలి. మధ్యలో కొద్ది దూరమే. రెండు వైపులా అదే పొగాకు, అదే రొయ్య. బీకాం పాఠాలు మాత్రం ఒకరికి తిరుపతివి, ఇంకొకరికి గుంటూరువి. రెండింట్లోనూ పొగాకు లేదు, రొయ్యా లేదు.

2008లో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం నెల్లూరుకే వచ్చింది. తర్వాత ఒంగోలుకు ఆంధ్రకేసరి పేరుతో ఇంకోటి వచ్చింది. మా సింహపురి వాళ్ల కాకుటూరు క్యాంపస్‌లో మెరైన్ బయాలజీ కూడా నేర్పుతారు. ఇక మన సరుకు మన పాఠంలోకి వస్తుందని అనుకున్నాం. అయితే విశ్వవిద్యాలయం ఇంటి పక్కకు వచ్చే సమయానికి సిలబస్ రాసే చెయ్యి ఇంకా పైకి పోయింది. 2015-16లో పిల్లలు పేపర్లు ఎంచుకుని క్రెడిట్లు కూడబెట్టుకునే సీబీసీఎస్ పద్ధతి వచ్చాక రాష్ట్ర ఉన్నత విద్యామండలి తయారుచేసే ఉమ్మడి పాఠ్య ప్రణాళికే అందరికీ ఆధారమైంది. 2020-21లో దాన్ని మళ్లీ మార్చి సమాజ సేవా ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్పులు చేర్చారు. 2023-24లో ఒకే సబ్జెక్టును ప్రధానంగా చదివే సింగిల్ మేజర్ వచ్చింది. రెండో ఏడాది, చివరి ఏడాది బ్యాచ్‌లు పాత పద్ధతిలో, మొదటి ఏడాది బ్యాచ్ కొత్త పద్ధతిలో. ఆ ఏడాది టైంటేబుల్ వేసినవాళ్లకు దండం పెట్టాలి.

పక్క డిపార్ట్‌మెంట్‌తో మాట్లాడకపోవడానికి అసలు కారణం మాత్రం తిరుపతిలోనో ఉన్నత విద్యామండలిలోనో లేదు, మా స్టాఫ్ రూములోనే ఉంది. దాని పేరు వర్క్‌లోడ్. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) నిబంధనల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16 గంటల బోధన అని ఉంది. పేపరంటే గంటలు, గంటలంటే పోస్టు. బీకాంలో బిజినెస్ ఎకనామిక్స్ ఎవరు చెప్పాలి? ఎకనామిక్స్ వాళ్లు తమదంటారు, మేము మాదంటాం. బిజినెస్ స్టాటిస్టిక్స్‌దీ అదే తగాదా. బీకాం కంప్యూటర్ అప్లికేషన్స్ వచ్చాక కంప్యూటర్ మాస్టర్లకు గంటలు దొరికాయి, మాకు పిల్లలు దొరికారు, అక్కడ మాత్రం గొడవ లేకుండా కుదిరింది. గంటలు తగ్గిన డిపార్ట్‌మెంట్‌లో పోస్టు మిగులు కింద లెక్కకొస్తుందన్న భయం ప్రభుత్వ కాలేజీలో ఉంటుంది. ప్రైవేటులో ఉద్యోగమే పోతుంది. అందుకే సిలబస్ మీటింగులో ‘ఈ పాఠం పిల్లలకు పనికొస్తుందా’ అన్న మాట లోపల ‘ఈ పాఠం ఎవరిది’ అన్న మాట దాక్కుని ఉంటుంది. నేనూ అందుకు అతీతుణ్ణి కాను. బిజినెస్ స్టాటిస్టిక్స్ మా దగ్గరే ఉండాలని ఒకసారి గంటసేపు వాదించాను. ఆ రోజు నేను చెప్పిన కారణాల్లో సగం నేనే నమ్మలేదు.

రెండో కారణం మీటింగు నిర్మాణంలో ఉంది. స్వయంప్రతిపత్తి కాలేజీలో సిలబస్ రాసేది బోర్డ్ ఆఫ్ స్టడీస్. యూజీసీ చెప్పిన లెక్క ప్రకారం అందులో డిపార్ట్‌మెంట్ హెడ్డు, ఆ సబ్జెక్టు మాస్టర్లు, బయటి విశ్వవిద్యాలయాల నిపుణులు, వైస్ చాన్సలర్ పంపిన ఒకరు, పరిశ్రమ నుంచి ఒకరు, బాగా చదివిన పాత విద్యార్థి ఒకరు ఉంటారు. చెన్నపట్నం నుంచి ఒక కంపెనీ మనిషి రావచ్చు గానీ, గోడకు అవతలున్న జువాలజీ మాస్టారికి అందులో కుర్చీ లేదు. ఆయనకు ఈ సిలబస్ కనిపించేది అకడమిక్ కౌన్సిల్లో, అన్ని సబ్జెక్టుల కట్టలూ ఒకే రోజు బల్ల మీదికి వచ్చినప్పుడు. అప్పటికి అంతా అయిపోయి ఉంటుంది. భోజనాల వేళ దగ్గర పడుతుంటుంది. ‘ఏమైనా అభ్యంతరాలా సార్?’ అంటారు. ఎవరికుంటాయి?

సింగిల్ మేజర్ ఈ సంగతిని ఇంకా ముదరబెట్టింది. అంతకుముందు బీయస్సీలో మూడు సబ్జెక్టులు కలిసి ఉండేవి, చిన్న డిపార్ట్‌మెంట్లు పెద్దవాటి చాటున బతికాయి. ఒక్కటే మేజర్ అనేసరికి పిల్లలు కంప్యూటర్స్ వైపు, కామర్స్ వైపు ఒరిగారు. ఇప్పుడు బీకాం పిల్లవాడు మేజర్ పక్కన తీసుకునే రెండో సబ్జెక్టు, అంటే మైనర్, ఏదన్నది కొన్ని డిపార్ట్‌మెంట్లకు తిండి గింజ లాంటిది. బీబీఏదీ వేరే దారి. 2024-25 నుంచి దానికి సాంకేతిక విద్యను చూసే కేంద్ర మండలి ఏఐసీటీఈ అనుమతి కావాలి, వాళ్లే ఒక నమూనా సిలబస్ కూడా ఇచ్చారు.

చట్టాలు కూడా మమ్మల్ని ఉన్నచోట ఉండనివ్వలేదు. 2013లో కొత్త కంపెనీల చట్టం, 2017 జూలైలో జీఎస్టీ. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2025లో తెచ్చిన కొత్త చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు. అసెస్‌మెంట్ ఇయర్ వేరు, ప్రీవియస్ ఇయర్ వేరని పాతికేళ్లు బోర్డు మీద గీతలు గీసి చెప్పాను. ఇక రెండూ పోయి ట్యాక్స్ ఇయర్ ఒక్కటే. సిలబస్ మార్చడమంటే ఇన్నాళ్లూ మాకు ఇదే: పాత చట్టం తీసేసి కొత్త చట్టం పెట్టడం. దానికి ఇంకో డిపార్ట్‌మెంట్‌ను అడగాల్సిన పనే రాలేదు.

పర్యావరణం పేపరు మాత్రం అందరి మధ్యకూ వచ్చింది, అదీ మేము కోరుకుని కాదు. 1991లో సుప్రీంకోర్టు పర్యావరణాన్ని పాఠంగా చెప్పాలంది, తర్వాత అది డిగ్రీలో తప్పనిసరైంది. కాలేజీలో దాన్ని ఎవరికి గంటలు తక్కువైతే వాళ్లకు ఇచ్చారు. 1996 డిసెంబరులో తీరం వెంబడి రొయ్యల సాగు మీద తీర్పిచ్చింది కూడా ఆ కోర్టే. ఈ జిల్లాలో ఎన్ని ఇళ్లలో ఆ తీర్పు గురించి రాత్రిళ్లు మాట్లాడుకున్నారో! ఆ రెండు తీర్పులనూ ఒక క్లాసులో పక్కపక్కన పెట్టి చెప్పినవాళ్లు మా కాలేజీలో నాకు తెలిసి లేరు.

పాఠం తల్చుకుంటే ఏం చేయగలదో మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. 1990ల మొదట్లో అక్షరాస్యత తరగతుల్లో చదివిన సారా పాఠమే దూబగుంట ఆడవాళ్లను కదిలించింది. సారాకు ఎదురు నిలిచిన రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా ఆగింది. అదే ఊపులో పొదుపు సంఘాలు లేచాయి. మా క్లాసులో కూర్చునే ఆడపిల్లల్లో చాలామంది అమ్మలు ఆ సంఘాల్లో సభ్యులు, కొందరు పుస్తకాలు రాసే లీడర్లు. ఆ పుస్తకం తెచ్చి బల్ల మీద పెడితే అందులో అప్పుంది, వడ్డీ ఉంది, తీర్మానం ఉంది, సంతకాలున్నాయి. హిస్టరీ మాస్టారు పక్కన నిలబడి పది నిమిషాలు మాట్లాడితే చాలు. ప్రకాశం పిల్లలకు చీమకుర్తి గెలాక్సీ గ్రానైటులో ఎంత రాయి బ్లాకుగా తేలుతుందో, ఎంత గుట్టల పాలవుతుందో అదే కాస్ట్ అకౌంటింగ్. 1985లో ఆంధ్రలో మొదలైన పొగాకు వేలం అదే మార్కెటింగ్. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేసినప్పుడు గుంట గట్టు మీద కౌంటు ధర (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కన కట్టే ధర) ఎందుకు పడిందో చెప్పడానికి ఎకనామిక్స్ వాళ్లు కావాలి.

ఈసారి మా బోర్డు మీటింగుకు ముందే జువాలజీ హెడ్డును టీకి పిలిచాం. మార్చి 31 లెక్క చూపించాను. ఆయన కాసేపు చూసి, “మాస్టారూ, అన్ని గుంటల్లోనూ 80 బతకవండీ. వైట్‌స్పాట్ జబ్బు వస్తే మూడో రోజుకే వల వేసి దొరికింది అమ్ముకోవాలి. ఆ లెక్క కూడా పెట్టండి,” అన్నారు. పెట్టాం. కాస్ట్ అకౌంటింగ్ నాలుగో యూనిట్లో ఇప్పుడు రెండు గుంటలున్నాయి, ఒకటి బాగున్నది, ఒకటి జబ్బు పడ్డది. ఆ యూనిట్లో ఆయన వచ్చి మూడు గంటలు చెప్తానన్నారు. ఆ మూడు గంటలు ఎవరి హాజరు పుస్తకంలో ఎక్కించాలన్నది మాత్రం ఇంకా తేలలేదు. ప్రిన్సిపాల్ గారి బల్ల మీద ఉంది.