చైనా చెట్టు, ఫ్లోరిడా పురుగు

న్యూజెర్సీలోనో పెన్సిల్వేనియాలోనో ఉండే మనవాళ్లు ఈ చెట్టును రోజూ చూస్తూనే ఉంటారు, కాకపోతే చాలామందికి పేరు తెలియదు. హైవే పక్కన, రైలు పట్టాల వెంట, చివరికి గోడ పగుల్లోంచి కూడా లేస్తుంది. ఆకు నలిపితే ముక్కిన వేరుశనగపప్పు వాసన. ట్రీ ఆఫ్ హెవెన్ అంటారు, పుట్టిల్లు చైనా. 1784లో విలియం హామిల్టన్ అనే ఆయన ఫిలడెల్ఫియాలోని తన తోట కోసం తెప్పించుకున్నాడు. ఆడచెట్టు ఏడాదికి మూడు లక్షలకు పైగా విత్తనాలు రాల్చగలదు, నరికితే వేళ్ల నుంచి గుంపులుగా పిలకలు వస్తాయి. చైనాలో దీన్ని తినే పురుగులు మాత్రం వెంట రాలేదు.

అమెరికా పురుగులు దీన్ని పెద్దగా ముట్టుకోవు, ఆకు అంత చేదు. కానీ ఒకదానికి ఆ చేదు ముందే అలవాటు. అటీవా ఆరియా అనే చిన్న రెక్కలపురుగు, నారింజ రంగు రెక్కల మీద నల్లటి అంచులున్న తెల్లచుక్కలతో భలే ఉంటుంది. ఇది దక్షిణ ఫ్లోరిడా, మధ్య అమెరికా ప్రాంతాల్లో సీమరూబా చెట్ల మీద బతికేది. సీమరూబా, చైనా చెట్టు ఒకే కుటుంబానివి, ఇద్దరి చేదూ ఒకే జాతి రసాయనాలది. అందుకే ఇది కొత్త చెట్టు మీదికి సులువుగా మారిపోయి, ఇప్పుడు ఏటా ఎండాకాలంలో కెనడా దాకా ఎగిరెళ్తోంది. ఉత్తరాది చలికి బతకలేదు కాబట్టి మళ్లీ ఏడాది దక్షిణం నుంచి రావాల్సిందే.

దీని గొంగళిపురుగులు గుంపుగా సాలెగూడులాంటి వల అల్లుకుని ఆకులు తింటాయి. లేత మొక్కలకు దెబ్బ గట్టిగానే తగులుతుంది, పెద్ద చెట్టు మళ్లీ చిగురిస్తుంది. దీంతోనే చెట్టు పోతుందని నేను చెప్పను, కానీ ఆ వల కనబడగానే మందు కొట్టేవాళ్లను చూస్తే బాధేస్తుంది. ఖర్చు లేకుండా ఈ కలుపుచెట్టును కాస్త అదుపు చేసే పురుగది. పుట్టిల్లు చైనానే అయిన, 2014లో పెన్సిల్వేనియాలో బయటపడ్డ స్పాటెడ్ లాంతర్‌ఫ్లై అనే పురుగుకి కూడా ఈ చెట్టంటే ఇష్టమే, కానీ అది ద్రాక్షతోటల్నీ పాడు చేస్తోంది. అటీవాతో ఆ టెన్షన్ లేదు.

దీని దగ్గరి చుట్టం మన దగ్గరా ఉంది, అటీవా ఫాబ్రిసియెల్లా. అగ్గిపుల్లల కలపనిచ్చే మన పెద్దమాను ట్రీ ఆఫ్ హెవెన్‌కు సొంత చుట్టమే, దాని ఆకుల్ని ఇది తింటుంది. అమెరికా నుంచి తెచ్చి నూనెగింజల కోసం మనం నాటిన సీమరూబా, అదే లక్ష్మీతరువు, దాని మీదికీ పాకింది. అక్కడ మేలు చేసేది, ఇక్కడ నర్సరీవాళ్లకు చీడ.