చిన్నపేగు సంచులు: కనిపించినంత మాత్రాన రోగం కాదు

పెద్దపేగు గోడ మీద ఏర్పడే డైవర్టిక్యులా అనే సంచుల గురించి ఇప్పుడు చాలామంది వినే ఉంటారు. కొలనోస్కోపీ రిపోర్టుల్లో ఆ మాట తరచుగానే కనబడుతుంది. అలాంటి సంచులు చిన్నపేగులోనూ ఏర్పడతాయన్న సంగతి మాత్రం అంతగా ప్రచారంలో లేదు. ఇవి తక్కువ మందిలో ఇబ్బంది పెట్టడం ఒక కారణమైతే, అవి ఉండే చోటు మరో కారణం. సుమారు 6 మీటర్ల పొడవున మెలికలు తిరిగి ఉండే చిన్నపేగులో అధికభాగం నోటి ద్వారా చేసే మామూలు ఎండోస్కోపీకి గానీ, మలద్వారం ద్వారా చేసే కొలనోస్కోపీకి గానీ అందదు. చిన్నపేగు నడిమి భాగమైన జెజునమ్‌లోని సంచులను ఇంగ్లండుకు చెందిన శస్త్రవైద్యుడు ఆస్ట్లీ కూపర్ 1807లోనే వర్ణించినా, ఆ తర్వాత చాలాకాలం అవి శవపరీక్షల్లోనో, వేరే కారణంతో పొట్ట తెరిచినప్పుడో మాత్రమే బయటపడేవి. సీటీ స్కాన్ వచ్చాక సంచిని చూడటం తేలికైంది. రోగి పడుతున్న బాధకు కారణం ఆ సంచేనా అన్నది తేల్చడం మాత్రం నేటికీ కష్టమే.

ఇవి ఎలా ఏర్పడతాయో తెలిస్తే వైద్యంలోని చిక్కులు సగం అర్థమవుతాయి. పేగును పొట్ట వెనుక గోడకు పట్టి ఉంచే మీసెంటరీ అనే మడత గుండా రక్తనాళాలు వచ్చి, పేగు కండరపొరను దాటుకొని లోపలికి ప్రవేశిస్తాయి. అవి ప్రవేశించే చోట గోడ సహజంగానే బలహీనంగా ఉంటుంది. వయసు మీరి కండరం పట్టు సడలినప్పుడో, చర్మం, లోపలి అవయవాలు గట్టిపడే స్క్లెరోడెర్మా వంటి జబ్బుల వల్ల పేగు కదలికలు లయ తప్పి లోపలి ఒత్తిడి పెరిగినప్పుడో, అరిగిన టైరు చీలికలోంచి ట్యూబు ఉబ్బినట్టు, లోపలి పొర ఆ సందులోంచి బయటికి తోసుకొస్తుంది. అలా వచ్చిన సంచికి కండరపొర ఉండదు కాబట్టి, అది తనంతట తాను ముడుచుకొని లోపల చేరినదాన్ని బయటికి నెట్టలేదు. పైగా అది మీసెంటరీ మడతల మధ్య దాగి ఉంటుంది కనుక ఆపరేషన్ బల్ల మీద కూడా వెతికితే తప్ప కంటబడకపోవచ్చు.

చిన్నపేగులోనే కనబడే మెకెల్ డైవర్టిక్యులమ్ అనే సంచి మాత్రం వేరే జాతి. గర్భస్థ శిశువు పేగును బొడ్డుతో కలిపే నాళం పూర్తిగా మూసుకుపోకపోవడం వల్ల అది పుట్టుకతోనే వస్తుంది. పేగుకు మీసెంటరీ లేని వైపున ఉంటుంది. గోడలోని అన్ని పొరలూ దానికి ఉంటాయి. కొందరిలో దాని లోపల జీర్ణాశయపు పొర కూడా ఉండి, ఆమ్లం స్రవించి, పక్కన ఉన్న పేగుకు పుండు పడుతుంది. చిన్నపిల్లలకు నొప్పి లేకుండా మలంలో రక్తం ఎక్కువగా పడితే డాక్టర్లు దీన్ని అనుమానించి, కొద్దిపాటి రేడియోధార్మిక పదార్థం ఎక్కించి తీసే టెక్నీషియం స్కాన్ చేయిస్తారు. ఆ స్కాన్ పట్టుకునేది జీర్ణాశయపు పొరనే కాబట్టి, పెద్దవయసులో వచ్చే సంచులకు అది పనికిరాదు.

పెద్దవయసు సంచులు ఎక్కువగా కనబడేది జీర్ణాశయం వెంటనే మొదలయ్యే డుయోడినమ్‌లో. పైత్యనాళం వచ్చి కలిసే చోటికి పక్కనే ఉన్న సంచి అరుదుగా ఆ నాళాన్ని నొక్కి, రాయి లేకుండానే కామెర్లు తెప్పిస్తుంది. జెజునమ్‌లో సంచులు తక్కువ మందికి వస్తాయి గానీ, వచ్చినవారిలో తరచుగా ఒకటి కాక అనేకం ఉంటాయి, వారిలో ఎక్కువమంది 60 ఏళ్లు దాటినవారు. అసలు చిక్కంతా ఈ జెజునమ్ సంచులతోనే.

ఆరోగ్యవంతుల చిన్నపేగు పైభాగంలో బ్యాక్టీరియా చాలా తక్కువ. కదలిక లేని సంచుల్లో ఆహారం నిలవ ఉన్నప్పుడు అవి విపరీతంగా పెరుగుతాయి. అవి పైత్యలవణాలను విడగొట్టేయడం వల్ల కొవ్వు సరిగా జీర్ణం కాక, జిడ్డుగా, దుర్వాసనతో విరేచనాలవుతాయి. శరీరానికి అందవలసిన బి12 విటమిన్‌ను ఆ బ్యాక్టీరియానే వాడేసుకుంటాయి. రోగి చెప్పేది మాత్రం తిన్నాక కడుపుబ్బరమనీ, గ్యాస్ అనీ, నీరసమనీ, అరికాళ్ల తిమ్మిర్లనీ. వీటిలో ఏ ఒక్కటీ చిన్నపేగు వైపు వేలు చూపించదు.

మన దేశంలో ఇక్కడే దారి తప్పే అవకాశం ఎక్కువ. బి12 తక్కువగా ఉందనగానే శాకాహారమనో, మధుమేహానికి ఏళ్ల తరబడి వాడుతున్న మెట్‌ఫార్మిన్ అనో సరిపెట్టుకుంటాం. చాలాసార్లు అది నిజమే కూడా. కానీ మాంసాహారం తినే వృద్ధుడికి బరువు తగ్గుతూ, విరేచనాలు ఆగకుండా, బి12 కూడా తక్కువగా ఉంటే మాత్రం ఆ సమాధానంతో ఆగిపోకూడదు. రక్తంలో ఫోలేట్ అనే మరో బి విటమిన్ పరిమాణం ఇక్కడ ఒక మంచి ఆనవాలు. దక్షిణ భారతంలో చిరకాలంగా తెలిసిన, చిన్నపేగు పోషకాలను సరిగా పీల్చుకోలేని ట్రాపికల్ స్ప్రూ అనే జబ్బులో సాధారణంగా ఫోలేట్, బి12 రెండూ పడిపోతాయి. బ్యాక్టీరియా పెరిగినప్పుడు అవే ఫోలేట్‌ను తయారుచేస్తాయి కాబట్టి అది మామూలుగానో, ఎక్కువగానో ఉంటుంది. గ్లూకోజు తాగించి ఊపిరిలో హైడ్రోజన్ కొలిచే పరీక్ష ఈ అనుమానానికి బలం ఇస్తుంది గానీ, దాని ఫలితం ఒక్కదానితోనే తీర్పు చెప్పలేం.

సంచిని కంటితో చూడాలంటే, పేగు నిండేలా ద్రవం తాగించి తీసే సీటీ ఎంటరోగ్రఫీ మేలు. మింగే క్యాప్సూల్ కెమెరా కూడా ఉపయోగమే. అయితే పేగు ఎక్కడైనా ఇరుకుగా ఉంటే అది చిక్కుకుపోవచ్చు, పేగు క్షయ ఇంకా ఉన్న మన ప్రాంతంలో అది గుర్తుంచుకోవలసిన ప్రమాదం. రక్తస్రావం ఎక్కువగా ఉన్నప్పుడు రక్తనాళాలను చూపించే సీటీ యాంజియోగ్రఫీ ముందుగా చేస్తారు. జపాన్‌లో రూపొందిన డబుల్ బెలూన్ ఎంటరోస్కోపీతో పేగు లోతుల్లోకి వెళ్లి రక్తం కారే చోట క్లిప్పు వేయడం కూడా సాధ్యమే.

వైద్యంలో మొదటి నిర్ణయం తరచుగా ఏమీ చేయకపోవడమే. వేరే పని మీద తీసిన స్కాన్‌లో సంచులు కనబడి, రోగికి ఏ బాధా లేకపోతే, వాటిని అలాగే వదిలేస్తారు. బ్యాక్టీరియా పెరిగినవారికి రిఫాక్సిమిన్ వంటి యాంటీబయాటిక్ ఇస్తారు, బి12 ఇంజక్షన్లు వేస్తారు. సంచులు అక్కడే ఉంటాయి కనుక జబ్బు తిరగబెట్టి, మళ్లీ కోర్సు వాడవలసి రావడం మామూలే. సంచి వాచి నొప్పి, జ్వరం వచ్చినా, చీము పొట్టంతా వ్యాపించకపోతే, నోటి ఆహారం ఆపి, యాంటీబయాటిక్‌లతో, అవసరమైతే సూదితో చీము తీసి నయం చేయడం సాధ్యమే. సంచి పగిలి పొట్టంతా విషమించినప్పుడు మాత్రం ఆపరేషన్ తప్పదు. అప్పుడు చిల్లును కుట్టి వదిలేయడం కంటే ఆ పేగు ముక్కను తీసి రెండు కొసలూ కలపడమే మంచిదని సర్జన్ల అభిప్రాయం. అలాగని సంచులున్న మేరంతా కోసేస్తే మిగిలిన పేగు పోషణకు చాలకపోవచ్చు. అందుకే చెడిన భాగాన్ని తీసి, మిగతా సంచులను ఉంచేస్తారు. డుయోడినమ్ సంచి జోలికి సర్జన్లు ఇంకా సంకోచంగా వెళ్తారు. పక్కనే క్లోమం, పైత్యనాళం ఉండటంతో, కామెర్ల వంటి చిక్కులను ముందు ఎండోస్కోపీ ద్వారానే సరిచేయాలని చూస్తారు.

ఈ జబ్బులో ఒక విచిత్రం ఉంది. ఎక్స్‌రేలో పేగు బయట గాలి కనబడితే ఏదో పగిలిందనే అర్థం, వెంటనే ఆపరేషన్ చేయాలనే సూత్రం వైద్య విద్యార్థికి మొదట్లోనే నేర్పుతారు. జెజునమ్ సంచుల పల్చని గోడ గుండా మాత్రం, చిల్లు ఏదీ లేకుండానే, కొందరిలో గాలి బయటికి చేరుతుంది. అటువంటి రోగి పొట్ట నొక్కితే మెత్తగా ఉంటుంది, జ్వరం ఉండదు, రక్త పరీక్షలు కూడా మామూలుగానే ఉంటాయి. పొట్ట కోయకుండా జాగ్రత్తగా కనిపెట్టి ఉంటే సరిపోయే సందర్భాలివి. అందువల్ల ఈ సంచులు ఉన్నట్టు ఒకసారి తేలినవారు ఆ స్కాన్ రిపోర్టును భద్రపరచుకొని, ఏ రాత్రి వేళ ఏ ఊరి ఆసుపత్రికి వెళ్లవలసి వచ్చినా అక్కడి డాక్టరుకు ముందుగా చూపించడం మంచిది.