సిస్టర్స్ దత్తత ఇవ్వడం ఎందుకు మానేశారు? 2015 గొడవ వెనకున్న హైదరాబాద్ కథ

సికింద్రాబాద్ ఫర్టిలిటీ సెంటర్ కేసు గుర్తుందిగా, 2025 జూలైలో బయటపడింది. రాజస్థాన్‌కి చెందిన జంట సరోగసీ అనుకుని 30 లక్షలకు పైనే కట్టారు, తీరా డీఎన్‌ఏ టెస్ట్ చేయిస్తే బిడ్డ వాళ్లది కాదని తేలింది, ఎవరో పేద అస్సాం జంట దగ్గర 90 వేలకి తీసుకున్న బిడ్డ అని పోలీసులు చెప్పారు. అప్పట్నుంచి ఇలాంటి వార్త ఏదొచ్చినా మన కతోలిక ఇళ్లల్లో ఒకటే పాట. మదర్ థెరిసా సిస్టర్స్ పిల్లల్ని దత్తత ఇస్తున్నన్నాళ్లు ఇవన్నీ ఎక్కడున్నాయి, గవర్నమెంట్ వాళ్లని తరిమేసింది కాబట్టే ఈ దొంగ వ్యాపారం అని ఒకరంటారు. ఎవరూ తరమలేదండీ, పెళ్లి కానివాళ్లకి ఇవ్వం అని వాళ్లే దత్తత ఇచ్చే గుర్తింపు వదులుకున్నారు అని ఇంకొకరు. పూజ అయ్యాక చర్చి బయట మొదలైన వాదన ఇంటికెళ్లాక ఫోన్లలో కూడా నడుస్తుంది.

ఈ రెండు మాటల్లోనూ అసలు విషయం లేదు.

మదర్ ఎవరు, 1955లో కోల్‌కతాలో పిల్లల హోమ్ శిశు భవన్ ఎట్లా పెట్టారు, అవన్నీ తెలిసినవే, వదిలేస్తున్నా. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి. 1979లో నోబెల్ తీసుకున్నప్పుడు ఓస్లోలో ఆవిడ ప్రసంగంలో అబార్షన్ మీద మేం దత్తతతో పోరాడుతున్నాం అని చెప్పారు. అంటే సిస్టర్స్‌కి ఇది ఖాళీగా ఉన్నప్పుడు చేసే పక్క పని కాదు, కడుపులో బిడ్డని చంపకు, కని మాకివ్వు అని ఒక అమ్మాయికి ధైర్యం చెప్పాలంటే ఆ బిడ్డకి ఇల్లు చూపించే బాధ్యత తమదే అని నమ్మినవాళ్లు. అలాంటివాళ్లు అదే పనిని సొంతంగా ఆపేశారంటే ఏదో చిన్న అలకతో ఆపరు.

2015 ఆగస్టు 1 నుంచి కారా కొత్త గైడ్‌లైన్స్ అమల్లోకొచ్చాయి, కారా అంటే దేశంలో దత్తతలన్నీ చూసే కేంద్ర సంస్థ. అక్టోబర్‌కల్లా మిషనరీస్ ఆఫ్ చారిటీ, అంటే మదర్ పెట్టిన సిస్టర్స్ సంస్థ వాళ్లు మా హోమ్‌లకున్న దత్తత గుర్తింపు తీసేయండి అని చెప్పేశారు, అప్పటి వార్తల్లో 13 హోమ్‌లు అని వచ్చింది. ఢిల్లీలో ఉన్న సిస్టర్స్ బయటికి చెప్పిన కారణం ఏంటంటే కొత్త రూల్స్ ప్రకారం పెళ్లి కానివాళ్లకి, విడాకులు తీసుకున్నవాళ్లకి కూడా బిడ్డని ఇవ్వాల్సొస్తుంది, బిడ్డకి అమ్మా నాన్నా ఇద్దరూ కావాలి, మా మనస్సాక్షి ఒప్పుకోదు అని. అప్పటి మంత్రి మేనకా గాంధీ గారేమో వాళ్లు మంచివాళ్లు, అనుభవం ఉన్నవాళ్లు, ఒప్పించడానికి చూస్తున్నాం, కానీ అందరికీ ఒకటే సెక్యులర్ పద్ధతి అనేసరికి కాదంటున్నారు అన్నారు. టీవీల్లో వారం రోజులు ఇదే గొడవ, సింగిల్ మదర్స్ హక్కు ఒకవైపు, మత విశ్వాసం ఒకవైపు. అందరి బుర్రల్లో అదే ఉండిపోయింది.

కానీ ఒక్క డేట్ చూడండి. పెళ్లయిందా లేదా అనేదానితో సంబంధం లేకుండా దత్తత ఇవ్వొచ్చు అని జువెనైల్ జస్టిస్ చట్టంలో (పిల్లల సంరక్షణ చూసే చట్టం) రాసింది 2015లో కాదు, 2006 సవరణలో. సిస్టర్స్ ఆ చట్టం కిందే తొమ్మిదేళ్లు దత్తతలు ఇచ్చారు. అప్పుడు మనస్సాక్షికి ఇబ్బంది ఎందుకు రాలేదు? ఎందుకంటే అప్పుడు రూల్ పుస్తకంలో ఉంది, నిర్ణయం మాత్రం సిస్టర్ గారి టేబుల్ మీద ఉంది. పిల్లలు కావాలనుకున్నవాళ్లు నేరుగా ఏజెన్సీకే వెళ్లేవాళ్లు, అక్కడే రిజిస్ట్రేషన్, వాళ్ల సోషల్ వర్కరే ఇంటికొచ్చి చూసేది, ఏ బిడ్డని ఏ ఇంటికి అనేది కూడా వాళ్లే ఆలోచించి కలిపేవాళ్లు. ఒంటరిగా ఉన్నావిడ వస్తే కాదని మొహం మీద చెప్పక్కర్లేదు, ఇంకో మంచి జంట ముందుందమ్మా అంటే సరిపోయేది. కోర్టు ఆర్డర్ చివర్లో వచ్చేది, అప్పటికే బిడ్డ ఆ ఒడిలో ఉండేది. మనవాళ్లల్లో అయితే విచారణ గురువుల (అంటే మన పారిష్ ఫాదర్ గారి) లెటర్ పట్టుకెళ్తే పని తొందరగా అవుతుందని ఒక నమ్మకం కూడా ఉండేది (సిస్టర్స్ హిందూ కుటుంబాలకి కూడా ఇచ్చారు, అది కూడా చెప్పుకోవాలి).

2015 చేసింది ఇదీ. రిజిస్ట్రేషన్ మొత్తం ఆన్‌లైన్, కేరింగ్స్ అనే ఒకే సిస్టమ్, దేశమంతా ఒకే క్యూ. క్యూలో మీ నంబర్ వస్తే ఆరుగురు పిల్లల వరకు ఫోటోలు, మెడికల్ రిపోర్టులు స్క్రీన్ మీద కనిపిస్తాయి, 48 గంటల్లో ఒకరిని రిజర్వ్ చేసుకోవాలి (తర్వాత 2017లో ఆ ఆరుగురిని చూపించే పద్ధతి తీసేశారు, బజారులో వస్తువు ఎంచుకున్నట్టుంది అని చాలామందే అన్నారు, నిజమే మరి). ఏజెన్సీ పని ఏంటంటే బిడ్డని జాగ్రత్తగా చూసుకోవడం, రిపోర్టు అప్‌లోడ్ చేయడం, వచ్చినవాళ్లతో మాట్లాడి కాగితాలు సరిగ్గా ఉన్నాయా చూసి అప్పజెప్పడం. ఎవరికి ఇవ్వాలి అనే మాట వాళ్ల చేతిలోంచి పోయింది. సింగిల్ పేరెంట్ అన్నది బయటికి చెప్పుకోగలిగిన కారణం, అబద్ధం అనను, కానీ అసలు నొప్పి ఇక్కడుంది.

సరే, మరి ఆ మాట వాళ్ల చేతిలోంచి ఎందుకు లాక్కున్నారు? ఇక్కడే మనవాళ్లు ఢిల్లీ వైపు చూస్తారు, అప్పటి కేంద్ర ప్రభుత్వం, దాని రాజకీయం, క్రైస్తవ సంస్థల మీద కోపం, అలా. 2018లో రాంచీలో పెళ్లికాని తల్లుల కోసం ఇదే సిస్టర్స్ నడిపే హోమ్‌లో బిడ్డని అమ్మారన్న కేసులో ఒక సిస్టర్‌నీ అక్కడ పనిచేసే ఆవిడనీ అరెస్ట్ చేసి, ఆ ఒక్క కేసు పట్టుకుని దేశంలో ఆ సంస్థ హోమ్‌లన్నిటినీ తనిఖీ చేయమన్నప్పుడు ఆ అనుమానం ఇంకా గట్టిపడింది, అందులో అర్థం లేకపోలేదు. కానీ నా లెక్కలో ఈ కథ మొదలైంది ఢిల్లీలో కాదు, హైదరాబాద్‌లో, 2015కి పద్నాలుగు పదహారేళ్ల ముందు.

1999లో ఒకసారి, మళ్లీ 2001లో ఇంకోసారి దత్తత పేరుతో పిల్లల్ని అమ్మే వ్యాపారం బయటపడింది. నల్గొండ వైపు దేవరకొండ, చందంపేట తండాల్లో లంబాడా ఇళ్లల్లో మూడోదో నాలుగోదో ఆడపిల్ల పుడితే మధ్యవర్తులు ఎక్కడ్నుంచో వాలిపోయేవాళ్లు. కొన్ని వందలో కొన్ని వేలో తల్లి చేతిలో పెట్టి స్టాంప్ పేపర్ మీద వేలిముద్ర, బిడ్డ హైదరాబాద్‌లో ఒక హోమ్‌కి, అక్కడ్నుంచి విదేశాలకి, అక్కడి తల్లిదండ్రులు కట్టేది వేల డాలర్లు. వదులుకున్నట్టు రాసిన కాగితాల్లో దొంగవి కూడా దొరికాయి. పోలీసులు హోమ్‌ల మీద పడి పసిపిల్లల్ని తీసుకొచ్చి ప్రభుత్వ శిశువిహార్‌లో పెట్టారు. నల్గొండలో రుక్మిణీరావు గారి గ్రామ్య సంస్థ, ఇక్కడ హైదరాబాద్‌లో రచయిత్రి, కార్యకర్త గీతా రామస్వామి లాంటివాళ్లు వెంటపడకపోతే చాలా విషయాలు అసలు బయటికే రావు. 2001లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పేదరికం అనో ఆడపిల్ల అనో చెప్పి బిడ్డని వదులుకోవడానికి ఒప్పుకోకూడదని ఆర్డరే ఇచ్చింది.

అప్పుడు దొరికిన హోమ్‌లలో కొన్నిటి పేర్లు చూస్తే క్రైస్తవ పేర్లు. మదర్ సిస్టర్స్‌కి వాటితో సంబంధం లేదు, అది గట్టిగా చెప్పాలి. కానీ ఆ హోమ్‌లు వాడుకున్న దారి కూడా అదే, బిడ్డని తీసుకునేదీ మేమే, వదులుకున్నట్టు తల్లితో రాయించుకునేదీ మేమే, తల్లిదండ్రుల్ని చూసేదీ మేమే, డొనేషన్ తీసుకునేదీ మేమే. మంచివాళ్ల చేతిలో ఉంటే అది దయ, చెడ్డవాళ్ల చేతిలో ఉంటే వ్యాపారం, బయట్నుంచి చూసేవాడికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, రిజిస్టర్ కూడా ఒకేలా ఉంటుంది. విదేశీ దత్తతల మీద 1984లోనే లక్ష్మీకాంత్ పాండే కేసులో సుప్రీంకోర్టు కట్టుదిట్టాలు పెట్టింది, 1990లో కారా వచ్చింది, అన్నీ ఉండగానే తండాల్లో ఇది జరిగింది. ఆ తర్వాత ఏ అధికారి కూర్చుని రూల్స్ రాసినా ముందు అడిగే ప్రశ్న, ఒకే చేతిలో ఇన్ని పనులు ఎందుకున్నాయి అని. ఇప్పుడు బిడ్డని వదులుకోవాలంటే తల్లి శిశు సంక్షేమ కమిటీ ముందుకి రావాలి, 60 రోజుల్లో మనసు మార్చుకోవచ్చు, ఆ తర్వాతే దత్తతకి ఫ్రీ, అంటే ఈ బిడ్డని చట్టప్రకారం దత్తత ఇవ్వొచ్చు అని కమిటీ రాస్తుంది. సిస్టర్స్‌కి ఇది అవమానంలా అనిపించి ఉండొచ్చు. దేవరకొండ తండాలో వేలిముద్ర వేసిన తల్లికి ఆ 60 రోజులు ఎవరూ ఇవ్వలేదు కదా.

ఇంకో సంగతి మన గొడవల్లో అస్సలు రాదు, నాకు అదే విచిత్రం. అసలు క్రైస్తవులకి ఈ దేశంలో దత్తత చట్టమే ఉండేది కాదు. 1956 దత్తత చట్టం హిందువులకి (అందుకే కాగితాల మీద హిందువులుగా ఉన్న మన కుటుంబాల్లో కొందరు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఆ చట్టం కిందే డీడ్ రాయించుకున్నారు, ఎందుకో అందరికీ తెలుసు). మిగతా క్రైస్తవులకి 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ యాక్ట్ ఒక్కటే దిక్కు. అంటే పురిట్లోంచి తెచ్చి పెంచినా మీరు గార్డియన్ మాత్రమే, బిడ్డకి 18 నిండితే ఆ సంబంధం కూడా కాగితం మీద అయిపోతుంది. ఆస్తి కావాలంటే వీలునామా రాయాలి, రాయకుండా పోతే అన్నదమ్ముల పిల్లలు కోర్టుకెక్కుతారు. అందరికీ ఒకే దత్తత చట్టం అని 1972లో బిల్లు, 1980లో ఇంకోటి, రెండూ పోయాయి. 1999లో కేరళ హైకోర్టు ఒక క్రైస్తవ జంట దత్తపుత్రుడికి ఆస్తిలో వాటా ఉందని చెప్పింది గానీ అది ఒక రాష్ట్రం, ఒక తీర్పు.

ఇక చర్చి వైపు చూస్తే ఎప్పుడో తేల్చేసింది. చర్చి సొంత చట్టం కానన్ లా 110లో ఉంది, సివిల్ చట్టం ప్రకారం దత్తత తీసుకున్న పిల్లలు ఆ తల్లిదండ్రుల పిల్లలే అని. కానీ సివిల్ చట్టమే లేని చోట ఆ మాటకి విలువేముంది? జ్ఞానస్నానం (బాప్టిజం) రిజిస్టర్‌లో నాన్న పేరు దగ్గర ఏం రాయాలో ఫాదర్ గారికీ తెలియని పరిస్థితి. దాన్ని మార్చింది ఏ బిషప్పుల లేఖో కాదు, సిస్టర్స్‌కి నచ్చని ఈ జువెనైల్ జస్టిస్ చట్టమే. 2000లో వచ్చింది, 2006లో దత్తత తీసుకున్న బిడ్డ అన్ని విధాలా కన్నబిడ్డతో సమానం అని సవరించారు, 2014 ఫిబ్రవరిలో షబ్నమ్ హష్మీ కేసులో సుప్రీంకోర్టు ఏ మతంవాళ్లైనా ఈ చట్టం కింద దత్తత తీసుకోవచ్చని తేల్చింది. పెళ్లి అయిందా అని అడగని ఆ 2006 సవరణే క్రైస్తవుడివా అని కూడా అడగలేదు. ఒకటి కావాలి, ఇంకోటి వద్దు అంటే ఎట్లా.

సిస్టర్స్ వైపు మాట్లాడేవాళ్లకి గట్టి పాయింట్ ఒకటుంది, వెయిటింగ్. 30 వేలకు పైగా తల్లిదండ్రులు లైన్లో ఉన్నారు, చిన్నబిడ్డ కావాలంటే మూడేళ్లకి పైనే, 2024-25లో దేశం మొత్తం మీద దత్తతలు నాలుగున్నర వేలు. గుణదల మాత దగ్గర మొక్కుకుని, ఐవీఎఫ్ వద్దని చర్చి చెప్పిన మాట విని (1987 నుంచి రోమ్ అదే చెబుతోంది), దత్తతకి పేరు రాయించుకుని, నలభైలు దాటిపోతున్న జంటలకి ఆ లెక్క ఎంత భారమో వేరే చెప్పక్కర్లేదు. వయసు కూడా చూస్తారు, రెండేళ్ల లోపు బిడ్డకి భార్యాభర్తలిద్దరి వయసు కలిపి 85 దాటకూడదు. 2022 సెప్టెంబర్ రెగ్యులేషన్స్‌లో ఇంకో ముడి పడింది, ఇద్దరు లేదా ఎక్కువమంది పిల్లలున్న జంట మామూలుగా దత్తత తీసుకోలేరు, ప్రత్యేక అవసరాలున్న పిల్లల్ని, ఎవరూ ముందుకు రాని పిల్లల్ని, లేదా బంధువుల పిల్లల్ని మాత్రమే. దేవుడిచ్చినంతమంది, ఇంకొకరికి కూడా చోటుంది అనుకునే పెద్ద కతోలిక కుటుంబాలకి ఇది నేరుగా తగిలేది, కానీ దీని గురించి మాట్లాడేవాళ్లే లేరు, అందరూ ఇంకా సింగిల్ మదర్ దగ్గరే ఆగిపోయారు. పోప్ ఫ్రాన్సిస్ 2022 జనవరి 5న సెయింట్ జోసెఫ్ గురించి చెబుతూ దత్తత ప్రేమల్లో ఎంతో ఉన్నతమైనది అన్నారు, ఆ ముక్క అందరూ ఫార్వర్డ్ చేశారు, అదే ప్రసంగంలో సంస్థలు పద్ధతిని సులువు చేయాలి, కానీ గట్టిగా తనిఖీ కూడా చేయాలి అన్నది మాత్రం ఎవరూ చేయలేదు.

అయితే వెయిటింగ్‌కి సిస్టర్స్ వెళ్లిపోవడమే కారణం అంటే లెక్క కుదరదు. హోమ్‌లలో పిల్లలున్నారు, దత్తతకి ఫ్రీ అని కాగితం ఉన్నవాళ్లు తక్కువ, ఆ కాగితం రాయాల్సింది శిశు సంక్షేమ కమిటీలు. 2023 నవంబర్‌లో సుప్రీంకోర్టు ప్రతి జిల్లాలో ఒక దత్తత ఏజెన్సీ పెట్టమని రాష్ట్రాలకి గడువు పెట్టి మరీ చెప్పింది. 2022 సెప్టెంబర్ నుంచి ఆర్డర్ కోర్టు కాదు, కలెక్టర్ గారే ఇస్తున్నారు. ఇంకోపక్క సిస్టమ్ బయట బిడ్డని ఇచ్చినా తీసుకున్నా మూడేళ్ల జైలు దాకా, అమ్మినా కొన్నా ఐదేళ్ల దాకా. హాస్పిటల్‌లో తెలిసిన నర్సు ఉంది, కాగితాలు ఆవిడే చూసుకుంటుంది అనేవాళ్లు మన విచారణల్లో కూడా ఉన్నారు, వాళ్లకి ఈ సెక్షన్లు తెలియక కాదు.

సిస్టర్స్ మళ్లీ రావాలంటే చట్టంలో అడ్డమేమీ లేదు, గుర్తింపుకి రాష్ట్ర ప్రభుత్వానికి అప్లై చేసుకోవచ్చు, 2015లో వదులుకున్నది వాళ్లే కాబట్టి బ్లాక్‌లిస్ట్ లాంటిదేం లేదు. వస్తే మాత్రం ఏ బిడ్డ ఏ ఇంటికి అనేది కంప్యూటరే చెబుతుంది, లైన్లో ముందున్నది ఒంటరి టీచరమ్మ అయితే బిడ్డ ఆవిడకే.