ఓర్లాండో క్రాసింగ్ గొడవ: అసలు మలుపు 2016 డిసెంబర్‌లోనే

2025 ఆగస్టు 20 రాత్రి అందరూ పడుకున్నాక ఫ్లోరిడా రవాణా శాఖ సిబ్బంది ఓర్లాండోలోని ఆరెంజ్ అవెన్యూకి వచ్చారు. పల్స్ నైట్‌క్లబ్ పక్కన జీబ్రా క్రాసింగ్ మీదున్న, స్వలింగ సంపర్కులు, ట్రాన్స్‌జెండర్ల (ఎల్జీబీటీ) గుర్తయిన ఇంద్రధనుస్సు రంగులు కనపడకుండా పెయింట్ వేసి వెళ్లిపోయారు. తమకు మాట మాత్రమైనా చెప్పలేదని నగరం అంటోంది. తెల్లారాక జనం సుద్దముక్కలతో వచ్చి మళ్లీ రంగులద్దారు. శాఖ మళ్లీ చెరిపింది. ఆ తర్వాత హైవే పెట్రోల్ పోలీసులు కాపలాకు దిగారు. చెప్పు అడుగున సుద్ద పూసుకుని క్రాసింగ్ మీద నడిచాడంటూ ఒకతన్ని అరెస్టు చేసేదాకా వెళ్లింది వ్యవహారం.

రోడ్డు మీది రంగుకు ఇంత రాద్ధాంతమా అని దూరం నుంచి చూసేవాళ్లకు అనిపించవచ్చు. 2016 జూన్ 12న ఆ క్లబ్బులో జరిగిన కాల్పుల్లో 49 మంది చనిపోయారు. ఆ రాత్రి గురించి, కాల్పులు జరిపినవాడి గురించి, ఐసిస్‌కు విధేయుణ్నంటూ అతను అత్యవసర నంబరు 911కు చేసిన ఫోన్ల గురించి ఇప్పటికే కావలసినంత రాశారు. తుపాకుల చట్టాల కోసం సెనేటర్ క్రిస్ మర్ఫీ దాదాపు 15 గంటలు ఏకబిగిన మాట్లాడి సభ పనులు ఆపేయడం, ప్రతినిధుల సభలో సభ్యుడు జాన్ లూయిస్ నేల మీద బైఠాయించడం, ఏ బిల్లూ గట్టెక్కకపోవడం కూడా తెలిసినవే. ఈ క్రాసింగ్ గొడవ అర్థం కావాలంటే కాల్పుల తర్వాత ఆరు నెలలకు కుదిరినట్టే కుదిరి చెడిపోయిన ఒక బేరం దగ్గరికి వెళ్లాలి.

కాల్పులు జరిగిన కొద్ది నెలలకే క్లబ్ స్థలాన్ని నగరమే కొంటుందని మేయర్ బడ్డీ డయ్యర్ ప్రకటించారు. 22.5 లక్షల డాలర్లకు మాట కుదిరింది. స్థలం ప్రజల చేతికొస్తే అక్కడ ఏం కట్టాలో నిదానంగా అందరినీ అడిగి తేల్చుకోవచ్చన్నది ఆలోచన. నవంబర్‌లో ఫైలు కౌన్సిల్ ముందుకొచ్చింది. ధర ఎక్కువని కొందరు సభ్యులు నసిగారు, ఓటింగ్ వాయిదా పడింది. డిసెంబర్ మొదట్లో యజమాని బార్బరా పోమా తాను అమ్మడం లేదని చెప్పేశారు. స్మారకం తామే కడతామన్నారు.

ఆమె కారణాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. ఎయిడ్స్‌తో 1991లో చనిపోయిన అన్న జ్ఞాపకార్థం 2004లో తెరిచిన క్లబ్ అది. కానీ ఆ ఒక్క నిర్ణయంతో ఓ నగరం మోయాల్సిన బాధ్యత ప్రైవేటు సంస్థ నెత్తికెక్కింది. అదే వన్‌పల్స్ ఫౌండేషన్. స్థలం యజమానుల్లో ఒకరైన ఆమే ఆ సంస్థకు సారథి కూడా అయ్యారు. ఇందులో ఇబ్బంది ఎక్కడ వస్తుందో చెప్పడానికి లాయరు అక్కర్లేదు.

ఫౌండేషన్‌కు స్మారకం ఒక్కటే సరిపోలేదు. పక్కనే మ్యూజియం కూడా అంది. 2019లో పోటీ పెట్టి ఒక ఫ్రెంచ్ ఆర్కిటెక్ట్ సంస్థ నమూనాను ఎంపిక చేసింది. హోటల్ గదుల మీద వసూలయ్యే పర్యాటక పన్నులోంచి ఆరెంజ్ కౌంటీ కోటి డాలర్లు మంజూరు చేసింది. మొదట 4.5 కోట్ల డాలర్లన్న ఖర్చు అంచనా పెరుగుతూ పెరుగుతూ 10 కోట్లకు చేరింది. మృతుల కుటుంబాల్లో కొన్ని, ప్రాణాలతో బయటపడినవాళ్లలో కొందరు కలిసి మ్యూజియమే వద్దని కూటమి కట్టారు. తమ పిల్లలు చనిపోయిన చోటును పర్యాటక ఆకర్షణ చేయడమేమిటన్నది వాళ్ల ప్రశ్న. కోటి డాలర్లు వచ్చింది పర్యాటక పన్నులోంచే కాబట్టి, ఆ ప్రశ్నను ఉత్త ఆవేశం అనడానికి వీల్లేదు. ఆ డబ్బు మ్యూజియానికి కాకుండా గాయాలతో, భయంతో బతుకుతున్నవాళ్ల చికిత్సకు వెళ్లాలని వాళ్లు అడిగారు. కాల్పులు జరిగిన కొత్తలో దాతలిచ్చిన సుమారు 2.95 కోట్ల డాలర్లను నగరం బాధితులకు పంచిన మాట నిజమే. కానీ వెన్నులో తూటా దిగినవాడి వైద్యం ఒక్క చెక్కుతో తీరేది కాదు.

ఈలోగా అక్కడ కనిపించిందల్లా 2018 మేలో తెరిచిన తాత్కాలిక స్మారకం. క్లబ్ చుట్టూ ఫోటోలతో ఒక గోడ, పాత పల్స్ బోర్డు, పోలీసులు బద్దలుకొట్టిన గోడను బయటి నుంచి చూసేందుకు గాజు పలక. 2021 జూన్‌లో అధ్యక్షుడు బైడెన్ సంతకంతో దీనికి జాతీయ స్మారకమన్న హోదా దక్కింది. కేంద్రం నుంచి పైసా రాలేదు. 2022కల్లా పూర్తవుతుందన్న కట్టడానికి పునాది కూడా పడలేదు.

2023లో కథ అడ్డం తిరిగింది. స్థలం యజమానులు ముగ్గురు. మొత్తం స్థలాన్ని విరాళంగా తీసుకోవడం కుదరదని తేలిందని, మరోచోటు వెతుక్కుంటామని ఫౌండేషన్ ప్రకటించింది. పోమా సంస్థను వదిలేశారు. ఆ ఏడాది అక్టోబర్‌లో నగరమే 20 లక్షల డాలర్లకు స్థలం కొంది. 2016లో కాదన్న ధర కంటే రెండున్నర లక్షలు తక్కువకే. కొన్ని వారాలకు ఫౌండేషన్ మూతపడింది. అప్పటికి ఏడేళ్లు గడిచిపోయాయి.

ఆ ఏడేళ్లలో ఆ చోట శాశ్వతంగా నిలిచిన బహిరంగ గుర్తు ఏదైనా ఉందంటే 2017లో వేసిన ఆ రంగుల క్రాసింగే. అదీ రాష్ట్ర రవాణా శాఖ అనుమతితోనే వేశారు. అనుకున్నట్టు 2022కల్లా అక్కడ స్మారకం లేచి ఉంటే రోడ్డు మీది పెయింట్‌కు ఇంత బరువు వచ్చేది కాదని నా అభిప్రాయం. నగరం వెనకేసుకొస్తున్నది ఒక క్రాసింగ్‌నే అయినా, జనానికి మాత్రం అదే స్మారకమైపోయింది.

కుటుంబాల కోపానికి ఇంకో మూలం కూడా ఉంది. స్మారకం చర్చ వచ్చినప్పుడల్లా అది పక్కకు పోతుంది. కాల్పులు మొదలైంది తెల్లవారుజామున 2 దాటగానే. పోలీసులు గోడ పగలగొట్టి లోపలికి దూసుకెళ్లింది 5 దాటాక. ఆ మూడు గంటలూ బాత్రూముల్లో దాక్కున్నవాళ్లు, రక్తం పోతున్నవాళ్లు లోపలే ఉన్నారు. అగ్నిమాపక శాఖ ఇలాంటి రోజు కోసమే కొన్న బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్లు ఆ రాత్రి ప్రధాన కార్యాలయంలోనే ఉండిపోయాయి. సకాలంలో ప్రాథమిక చికిత్స అంది, గంటలోపు తీవ్ర గాయాలకు చికిత్స చేసే ట్రామా ఆసుపత్రికి చేరి ఉంటే 16 మంది బతికి ఉండేవారేమోనని శవపరీక్ష నివేదికలను పరిశీలించిన ఒక వైద్య అధ్యయనం తేల్చింది. పెద్ద ట్రామా ఆసుపత్రి ఉన్నది క్లబ్బుకు కూతవేటు దూరంలోనే. పోలీసుల తీరు జాతీయ ప్రమాణాలకు తగ్గట్టే ఉందని నేషనల్ పోలీస్ ఫౌండేషన్ 2017లో నివేదిక ఇచ్చింది. అయితే క్లబ్బులో అనుమతి లేని మార్పులు, బయటికి వెళ్లే దారుల సంగతి తేల్చమంటూ కొన్ని కుటుంబాలు ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాయి. సంతృప్తికరమైన జవాబు రాలేదన్నదే వాళ్ల మాట.

హంతకుడు ఎంచుకున్న క్లబ్ గురించీ ఒక మాట. 2018లో కాల్పులు జరిపినవాడి భార్యపై జరిగిన విచారణలో, అతను ముందు డిస్నీ వాళ్ల షాపింగ్ కేంద్రం వైపు వెళ్లాడని, పల్స్ ఎల్జీబీటీ క్లబ్ అని తెలిసే వచ్చాడనడానికి ఆధారం దొరకలేదని బయటపడింది. ఆమె నిర్దోషిగా విడుదలైంది. అందువల్ల ఇది ఎల్జీబీటీల విషాదమే కాదని వాదించేవాళ్లున్నారు. ఆ రాత్రి ఆ క్లబ్బులో లాటిన్ నైట్ నడుస్తోంది. చనిపోయినవాళ్లలో దాదాపు సగం మంది ప్యూర్టో రికో మూలాలవాళ్లు. వాళ్లు అక్కడికి ఎందుకు వెళ్లారన్నది హంతకుడి ఉద్దేశంతో మారిపోయేది కాదు.

2025 జూన్‌లో, కూల్చేముందు, కుటుంబాలను, ప్రాణాలతో బయటపడినవాళ్లను నగరం ఆ భవనంలోకి తీసుకెళ్లింది. చిన్నచిన్న బృందాలుగా, ఒక్కో బృందానికి సుమారు అరగంట. తమవాళ్లు సరిగ్గా ఏ మూల పడిపోయారో అడిగితే చెప్పడానికి ఎఫ్‌బీఐ అధికారులు అక్కడే ఉన్నారు. తొమ్మిదేళ్ల తర్వాత గానీ ఆ ఒక్క ప్రశ్న అడిగే వీలు కొందరికి దొరకలేదు. అది జరిగి రెండున్నర నెలలు తిరక్కుండానే ఈ పెయింట్ వ్యవహారం. పుండు మీద కారం చల్లినట్టుందని వాళ్లకు అనిపించడంలో వింతేముంది?

రాష్ట్రం వైపు వాదన ఇది: రోడ్డు మీద గుర్తులన్నీ ఒకే తీరులో ఉండాలి, వాటిని రాజకీయ సందేశాలకు వాడకూడదు. 2025 జూలై మొదట్లో కేంద్ర రవాణా మంత్రి షాన్ డఫీ రాష్ట్రాలకు రాసిన లేఖ, దానికి ముందు రోజే రాష్ట్ర శాఖ నగరాలకు పంపిన మెమో దీనికి ఆధారం. గవర్నర్ రాన్ డిసాంటిస్ దీన్నే గట్టిగా చెప్పారు. పల్స్ క్రాసింగ్ దగ్గర ప్రమాదాలు పెరిగాయని మాత్రం ఎవరూ లెక్కలు చూపలేదు. మేయర్ డయ్యర్ దీన్ని క్రూరమైన రాజకీయ చర్య అన్నారు. పల్స్ స్మారకం కోసం 2024 రాష్ట్ర బడ్జెట్‌లో 3.94 లక్షల డాలర్లకు సంతకం పెట్టింది కూడా ఈ గవర్నరే. డెల్‌రే బీచ్, కీ వెస్ట్ నగరాలు తమ క్రాసింగ్‌ల కోసం శాఖ ముందు అప్పీలు చేసుకున్నాయి. ఓర్లాండోకు ఆ వ్యవధి కూడా దొరకలేదు.

కుటుంబాలు, ప్రాణాలతో బయటపడినవాళ్లు కూడా ఉన్న కమిటీ ఒకటి ఈసారి నమూనా ఖరారు చేసింది. మ్యూజియం లేదు. డాన్స్ ఫ్లోర్ ఉన్నచోట నీటి కొలను, 49 పేర్లు, కూర్చునేందుకు తోట. అంచనా 1.2 కోట్ల డాలర్లు, గడువు 2027. ఇదంతా నగరం 2023లో కొన్న స్థలంలోనే వస్తుంది కాబట్టి రవాణా శాఖకు అక్కడ పనిలేదు. గేటు బయట ఆరెంజ్ అవెన్యూ మాత్రం రాష్ట్ర రహదారి 527. దాని మీద ఏం గీయాలో నిర్ణయించేది తలహాసీలోని రాష్ట్ర ప్రభుత్వమే.