చిట్‌మహల్ మనిషికి ఇద్దరు తండ్రులెందుకు? – అపోహలు, వాస్తవాలు

చిట్‌మహల్ అంటే ఒక దేశానికి చెంది, ఇంకో దేశం లోపల చిక్కుకుపోయిన నేలముక్క. అలాంటి చోట పుట్టి పెరిగినవాళ్ల గురించి పోయిన వారం మళ్లీ అదే మాట విన్నాను. "కాగితంలో ఒక తండ్రి పేరు, నోటితో ఇంకో పేరు. ఇలాంటివాళ్లను ఎలా నమ్మమంటారు?" పశ్చిమ బెంగాల్‌లోని కూచ్ బిహార్ జిల్లాలో, బంగ్లాదేశ్ సరిహద్దు ఊళ్లలో పెద్దవాళ్ల జ్ఞాపకాలు రికార్డు చేయడం నా పని. ఈ అనుమానం వల్ల నలిగిపోయినవాళ్లను చాలామందిని చూశాను కాబట్టి, ముందు దీని సంగతే.

అపోహ: తండ్రి పేరు రెండు రకాలుగా ఉంటే ఆ మనిషి మోసగాడు, లేదా అటువైపు నుంచి దొంగతనంగా వచ్చినవాడు.

వాస్తవం: 2015 జులై 31 అర్ధరాత్రి దాకా మన దేశం లోపల 51 బంగ్లాదేశ్ ముక్కలు, బంగ్లాదేశ్ లోపల 111 మన ముక్కలు ఉండేవి. 2011లో రెండు ప్రభుత్వాలు కలిసి లెక్క తీస్తే వాటిలో 51 వేల మందికి పైగా తేలారు. దిన్‌హాటా దగ్గరి మశాల్‌డాంగానే తీసుకోండి. నేల బంగ్లాదేశ్‌ది, చుట్టూ ఉన్నది భారత్. బంగ్లాదేశ్ బడి గానీ ఆసుపత్రి గానీ పోలీసు గానీ అక్కడికి వచ్చే దారే లేదు. పక్క ఊరి బడిలో పిల్లను చేర్చాలంటే తండ్రి భారతీయుడై ఉండాలి. అందుకని పక్క ఊరాయన పేరు అరువు తెచ్చుకునేవారు. కొందరు డబ్బు తీసుకుని ఇచ్చారు, కొందరు జాలిపడి ఇచ్చారు. కాన్పుకు వెళ్లిన ఆడవాళ్లు భర్త పేరు చోట పరాయి మగవాడి పేరు రాయించుకున్నారు. ఆ జులై 31 రాత్రి రెండు దేశాలు ఈ ముక్కలను మార్చుకున్నాక వాళ్లంతా భారత పౌరులయ్యారు. సర్టిఫికెట్‌లో మాత్రం అరువు తండ్రే మిగిలాడు.

ఈ పని మొదలుపెట్టిన కొత్తలో ఇలాంటి ఇంటర్వ్యూల మీద "వివరాలకు పొంతన లేదు" అని రాసి పక్కన పెట్టేవాణ్ణి. అలా ఎన్ని కథలు పోగొట్టానో తలుచుకుంటే ఇప్పటికీ బాధే. ఒకసారి ఒకావిడ తండ్రి పేరు అడగ్గానే ఒక పేరు చెప్పి ఠక్కున ఆగిపోయింది. "దాదా (అన్నా), అది ఆపండి" అంది. రికార్డర్ ఆపేశాను. చాలాసేపటికి చెప్పింది: మొదట నోట వచ్చింది అరువు తండ్రి పేరట. సంతకం అవసరమైనప్పుడల్లా ఆయన పొలం పని మానుకుని బడికి వచ్చేవాడట. కన్నతండ్రి గేటు బయటే నిలబడేవాడట. అప్పటినుంచి నేను "నీ తండ్రి ఎవరు?" అని అడగను. "ఈ పేరు ఏ అవసరానికి కావాల్సి వచ్చింది?" అని అడుగుతాను, రెండు పేర్లూ రాసుకుంటాను.

మిగతావి క్లుప్తంగా.

కూచ్ బిహార్ రాజు, ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉన్న రంగ్‌పూర్‌ను ఏలిన మొఘల్ అధికారి ఫౌజుదారు చదరంగంలో ఊళ్లు పందెం కాయడం వల్లే ఈ ముక్కలు పుట్టాయనేది కట్టుకథ, ఆధారం లేదు. మొఘలులతో యుద్ధాలు ముగిసి 1713లో ఒప్పందం కుదిరాక, ఇరుపక్షాల భూములు ఒకరి ఏలుబడిలో ఒకరివి చిక్కుకుపోయాయి. ఇది 1947లో విభజన గీత గీసిన రాడ్‌క్లిఫ్ చేసిన పని కూడా కాదు. కూచ్ బిహార్ సంస్థానం ఆయన విభజించిన బెంగాల్‌లో భాగం కాదు, అది భారత్‌లో కలిసింది 1949లో.

"అవకాశమిస్తే అందరూ ఇటే వచ్చేస్తారు" అనేది ఇంకొకటి. బంగ్లాదేశ్‌లోని మన ముక్కల్లో ఉన్న 37 వేల మందిలో ఇటు వచ్చింది వెయ్యిలోపే. ఇక్కడి 51 ముక్కల నుంచి అటు వెళ్లినవాళ్లు ఒక్కరూ లేరు. సొంత పొలం, పెద్దల సమాధులు ఉన్న చోటే ఉండిపోయారు.

"పాట ఒకటైతే మనసు కూడా అటే" అనే ప్రచారం వింటే నాకు ఓపిక నశిస్తుంది. భవాయియా అనే ఇక్కడి జానపద పాటలు కూచ్ బిహార్‌లోనూ పాడతారు, రంగ్‌పూర్‌లోనూ పాడతారు. వాటికి పేరు తెచ్చిన అబ్బాసుద్దీన్ అహ్మద్ పుట్టింది ఇటు, విభజన తర్వాత స్థిరపడింది ఢాకాలో. గీత పడకముందు నుంచీ ఉన్న పాట అది.

ఇక, పేరు తేడా వల్ల భయపడుతున్నవాళ్లకు ఒక మాట. పాత సర్టిఫికెట్ సిగ్గుపడి చింపేయకండి, దాచేయకండి. 2011 లెక్కలో మీ కుటుంబం పేరున్న కాగితం ఉంటే, రెండూ ఒకే సంచిలో పెట్టుకోండి. పేరు ఇచ్చిన ఇంటివాళ్లు బతికి ఉంటే, ఆ సంగతి వాళ్ల నోటితోనే చెప్పించి ఇప్పుడే రాయించుకోండి. వాళ్లందరూ ముసలివాళ్లయిపోతున్నారు.