ముందు పట్టాలె, తర్వాతనే కాల్చాలె

పిల్లలూ,

సిరిసిల్ల మరమగ్గాల మీద నేసిన పాలిస్టర్ చీరె ఉతికిన ప్రతిసారీ సన్నటి పోగులు ఊడి నీళ్లలో కలుస్తాయి. 5 మిల్లీమీటర్ల లోపు ప్లాస్టిక్ ఏదైనా మైక్రోప్లాస్టికే. వరంగల్ మురుగులో పోయే ఈ నలుసులను మందు పోసి కరిగించొచ్చు గదా అంటే, అంత సులువు కాదు.

అట్లా మందు పోసే పద్ధతుల్లో ఒకటి ఫెంటన్. ఇందులో నీటి పీహెచ్‌ను (పులుపు కొలత, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) గంధకామ్లంతో 3కు దించి, అన్నభేది అనే ఇనుప ఉప్పు కలిపి, హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను కొద్దికొద్దిగా పోస్తారు. ఇనుము తగలగానే పెరాక్సైడ్ విడిపోయి హైడ్రాక్సిల్ రాడికల్ అనే మహా చురుకైన కణం పుడుతుంది. ఓజోన్ కంటే బలమైనదే, కానీ పుట్టిన చోటే ఏది ఎదురైతే దాన్ని కొరికి ముగిసిపోతుంది. ప్లాస్టిక్‌ను వెతుక్కుంటూ పోదు.

లెక్క చూడండి. 1 మిల్లీగ్రాము పాలిస్టర్ పూర్తిగా ఆక్సీకరణం చెందడానికి, అంటే మందుతో కాలిపోవడానికి, సుమారు 3.5 మిల్లీగ్రాముల పెరాక్సైడ్ చాలు. కానీ లీటరు మురుగు సీఓడీ (అందులోని మురికిని ఆక్సీకరించడానికి కావాల్సిన ఆక్సిజన్) 300 మిల్లీగ్రాములుంటే, ఆ మురికికే దాదాపు 640 మిల్లీగ్రాముల పెరాక్సైడ్ కావాలి.

ఇంకో విచిత్రం: నీళ్లలో ప్లాస్టిక్‌ను తూచేవాళ్లు నమూనా శుభ్రం చేసేది ఈ ఫెంటన్‌తోనే! అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా 2015 పద్ధతి ప్రకారం 500 మి.లీ. నీటిలో 7.5 గ్రాముల అన్నభేది, 3 మి.లీ. గాఢ గంధకామ్లం కలుపుతారు. అందులోంచి 20 మి.లీ., 30 శాతం పెరాక్సైడ్ 20 మి.లీ. నమూనాపై పోసి, 5 నిమిషాలాగి, 75 డిగ్రీలకు వేడిచేస్తారు. బుడగలు రాగానే పొయ్యి మీది నుంచి దించాలి, లేకుంటే పొంగి చిమ్ముతుంది. ఆకు అలములు పోతాయి, ప్లాస్టిక్ మిగులుతుంది. (చర్మం కాలుతుంది, ఇంట్లో ముట్టొద్దు.)

అందుకే శుద్ధి కేంద్రంలో మొదట తేర్చడం, సూక్ష్మజీవుల తొట్టి. చాలా నలుసులు అక్కడే మడ్డిలోకి దిగుతాయి. మిగిలినవాటిని ఇసుక వడపోతో, సన్న రంధ్రాల పొరో ఆపుతుంది. ఆ వడపోతను కడిగినప్పుడు నలుసులు చేరే కొద్దిపాటి నీళ్లకే ఆక్సీకరణం గిట్టుబాటు.

అక్కడా ఫెంటన్‌కు చిక్కులున్నాయి. పీహెచ్ 4 దాటితే ఇనుము తుప్పులా విడిపోయి పని ఆగుతుంది. బోరునీళ్లలోని బైకార్బనేట్లు ఆమ్లాన్ని తినేస్తాయి. పెరాక్సైడ్ ఎక్కువైతే అదే రాడికళ్లను మింగుతుంది. సగం పనైతే మరీ ఘోరం: నలుసు విరిగి ఇంకా చిన్నదవుతుంది. సూక్ష్మదర్శినిలో లెక్క తగ్గిందని సంబరపడొద్దు, బరువు తూచి, నీటిలో మొత్తం సేంద్రియ కర్బనం కూడా కొలవాలి.

చివర సున్నంతో పీహెచ్ పెంచితే ఎర్ర మడ్డి దిగుతుంది. కాలని నలుసులు దాంట్లోనే చిక్కుకుంటాయి. పైనీళ్లు తేటగున్నాయని ప్లాస్టిక్ పోయినట్టు రాసుకుంటారు కొందరు. ఆ మడ్డిని కూడా పరీక్షించాలె, పొలాలకు మాత్రం తోలొద్దు.

మీ తాత