చుక్కల మందును మళ్లీ ఎందుకు తయారుచేయవలసి వచ్చింది?

గోదావరి పాయలైన గౌతమి, వైనతేయ, వశిష్ఠల నడుమనున్న కోనసీమ లంక గ్రామాలకు పోలియో ఆదివారం నాడు మందుపెట్టె నావ మీద రేవు దాటి వెళ్లేది. పిల్లల నోట్లో రెండు చుక్కలు వేసి, ఎడమ చేతి చిటికెన వేలికి సిరా గుర్తు పెట్టే ఈ కార్యక్రమం 1995 డిసెంబరులో దేశవ్యాప్తంగా మొదలైంది. సూది అక్కరలేదు కనుకనే అంగన్‌వాడీ కార్యకర్తలు సైతం ఆ మందు వేయగలిగారు.

అమెరికన్ శాస్త్రవేత్త సేబిన్ రూపొందించిన ఆ చుక్కల్లో ఉండేది బలహీనపరచిన సజీవ వైరస్. అది పేగుల్లో పెరిగి, మలంతో బయటికొచ్చి, నీటి ద్వారానో చేతుల ద్వారానో మందు అందని పొరుగు పిల్లలకూ చేరి కొంత రక్షణనిస్తుంది. స్నానానికీ బట్టలు ఉతకడానికీ పశువులను కడగడానికీ ఒకే కాలువను వాడుకునే డెల్టాలో ఈ సంగతిని విడమరచి చెప్పనక్కరలేదు. అయితే చిక్కు కూడా అక్కడే ఉంది: చాలామంది పిల్లలకు టీకా అందని చోట ఆ వైరస్ నెలల తరబడి ఒకరి నుంచి ఒకరికి పాకుతూ, పోయిన బలాన్ని తిరిగి తెచ్చుకుని, కాళ్లు చచ్చుబడేలా చేయగలదు. పోలియో వైరస్‌కున్న మూడు రకాల్లోనూ రెండో రకానికి ఈ గుణం ఎక్కువ.

సహజమైన రెండో రకం వైరస్ ప్రపంచంలో చివరిసారి కనిపించింది 1999లో, మన దేశంలోని అలీగఢ్‌లోనే. అది అంతరించిందని 2015లో ప్రకటించాక, 2016 ఏప్రిల్ 25న భారతదేశం చుక్కల మందులోంచి ఆ రకాన్ని తీసివేసింది. కొన్ని వారాలకే టీకా నుంచి పుట్టిన రెండో రకం వైరస్ హైదరాబాద్ మురుగునీటిలో బయటపడగా, అక్కడి పిల్లలకు చర్మంలోకి 0.1 మిల్లీలీటరు చొప్పున, చంపిన వైరస్‌తో చేసిన పోలియో సూదిమందు ఇచ్చారు. సూదిమందు పక్షవాతాన్ని ఆపుతుంది గాని, పేగుల్లో వైరస్ పెరుగుదలను అంతగా ఆపలేదు. వ్యాప్తిని అణచాలంటే మళ్లీ పాత చుక్కలే కావాలి. అవేమో కొత్త వ్యాప్తికి విత్తనాలు చల్లగలవు.

ఈ ముడిని విప్పడానికే రెండో రకం టీకా వైరస్ జన్యుక్రమంలో, బలాన్ని తిరిగి తెచ్చే మార్పులు తేలిగ్గా జరిగే భాగాలను బిగించి కొత్త చుక్కల మందును తయారుచేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నవంబరులో అత్యవసర వినియోగానికి అనుమతించిన ఈ టీకాను 2021 మార్చిలో ఆఫ్రికాలో వాడడం మొదలుపెట్టారు. ఇండోనేషియాలోని బయో ఫార్మా తయారీకి 2023 డిసెంబరులోనూ, హైదరాబాద్‌లోని బయొలాజికల్ ఇ తయారీకి 2024లోనూ ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు లభించింది. ప్రమాదం పూర్తిగా తొలగిందనడం మాత్రం తొందరపాటే. ఈ కొత్త మందు నుంచి కూడా బలం పుంజుకున్న వైరస్ 2023లో మధ్య ఆఫ్రికాలో కనిపించింది, కాకపోతే పాతదానితో పోలిస్తే చాలా అరుదుగా.

2011 జనవరి తరువాత సహజ పోలియో కేసు లేని మన దేశంలో ఈ కొత్త చుక్కలు నిత్య టీకాల జాబితాలో లేవు. ఒకటి, మూడు రకాలున్న చుక్కలతో పాటు సూదిమందు ఇస్తున్నారు. 2023 నుంచి దాని మూడో మోతాదు తొమ్మిదో నెలలో పడుతోంది. కోనసీమ పిల్లలకైనా రెండో రకం నుంచి రక్షణనిచ్చేది ఇప్పుడు ఆ సూదే.